కొత్త వేరు కనిపించాకే: ఆర్కిడ్ల కుండీలు మార్చిన డైరీ

బల్ల మీద ఉన్నవి

రెండు ఫలనాప్సిస్‌లు, ఒక పాఫియోపెడిలం, ఒక డెండ్రోబియం, ఒక ఆన్సిడియం, ఒక్కో బల్బుకి (నీళ్లు దాచుకునే ఉబ్బిన కాండానికి) రెండాకులు వచ్చే రకం కాట్లియా ఒకటి, చెక్కబుట్టలో వేలాడే వాండా ఒకటి. ఈ ఆర్కిడ్లన్నిటికీ కుండీ మార్పు సంగతి చూడాల్సిన సమయం దగ్గరపడింది. అలాగని అన్నిటినీ ఒకే రోజు మార్చేసే ఉద్దేశం లేదు. ఆర్కిడ్‌కి కుండీ మార్చడంలో సగం పని అదను పట్టుకోవడమే. మొక్క మొదట్లో పచ్చటి కొనతో కొత్త వేరు బయల్దేరిందంటే అది సిద్ధంగా ఉన్నట్టు. అప్పుడు మారిస్తే ఆ వేరు నేరుగా కొత్త మిశ్రమంలోకి దిగి అక్కడే పట్టు దొరకబుచ్చుకుంటుంది. వేర్లు పుట్టని కాలంలో మారిస్తే, పాత వేర్లకి తగిలిన దెబ్బ నుంచి తేరుకునే దారి మొక్కకి ఉండదు. నెలల తరబడి వడలిపోయి అలాగే ఉంటుంది.

అసలు కుండీ ఎందుకు మార్చాలంటే, మొక్క పెద్దదైంది కాబట్టి అని చాలామంది అంటారు. మామూలు మొక్కలకి అది సరే. మనం పెంచుకునే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికేవి. వాన పడితే వాటి వేర్లు తడుస్తాయి, గాలి తగిలితే కాసేపట్లో ఆరిపోతాయి. అందుకే వాటిని మట్టిలో పెట్టకుండా బెరడు ముక్కల్లో పెడతాం. ఆ బెరడు మెల్లగా కుళ్లుతుంది. ముక్కలు విరిగి పొడవుతాయి, మధ్యలో ఉన్న సందులు పూడుకుపోతాయి, నీళ్లు నిలుస్తాయి, వేరుకి ఊపిరాడదు. పైగా బెరడుని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మనం వేసే ఎరువులోని నత్రజనిని కూడా వాడేసుకుంటాయి. కాబట్టి ముందు మారాల్సింది మిశ్రమం. కుండీ అదే ఉన్నా ఫర్వాలేదు.

బెరడు మిశ్రమం సుమారు రెండేళ్లు నిలుస్తుంది. వేడి, తేమ ఎక్కువుంటే ఇంకా తొందరగా పోతుంది. స్ఫాగ్నం మాస్ (నీళ్లు బాగా పట్టుకునే ఒక రకం నాచు) అయితే ఏడాది, ఏడాదిన్నర దాటితే నమ్మకూడదు. లెక్క ఒకవైపు, చేతి పరీక్ష ఒకవైపు. ఈ రోజు ప్రతి కుండీకీ ఇవే చూశాను: వేలు లోపలికి దూరిస్తే ముక్కలు గట్టిగా తగులుతున్నాయా, మెత్తగా నలుగుతున్నాయా; వాసన అడవి నేలలా ఉందా, పుల్లగా కుళ్లిన వాసన వస్తోందా; నీళ్లు పోస్తే వెంటనే కిందికి దిగుతున్నాయా, పైన తేలి ఆగుతున్నాయా; మొక్కని మొదట్లో పట్టుకుని కాస్త కదిపితే నిలబడుతోందా, ఊగుతోందా. ఊగితే లోపల వేర్లు పోయాయని అనుమానించాల్సిందే. కుండీ అంచున తెల్లటి పెచ్చు కట్టి ఉంటే అది ఎరువు లవణాలు పేరుకున్నట్టు.

మొదటి ఫలనాప్సిస్ పూలు రాలిపోయాయి. మొక్క మొదట్లో రెండు చోట్ల వేరు మొన పచ్చగా కనిపిస్తోంది. ఇదే ముందు. రెండోది ఈమధ్యే నర్సరీ నుంచి వచ్చింది. పూలు అయిపోవచ్చాయి గానీ నీళ్లు పోసి వారం దాటినా మధ్యలో తడి ఆరడం లేదు. డెండ్రోబియం, కాట్లియా నిద్రలో ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

మిశ్రమం తయారీ

ఎండు బెరడుని సంచిలోంచి తీసి నేరుగా కుండీలో పోస్తే నీళ్లు దాని మీదుగా జారిపోతాయి. పైకి తడిసినట్టు కనిపిస్తుంది, లోపల ముక్క ఎండుగానే ఉంటుంది. అందుకే ముందురోజు రాత్రి బకెట్లో వేసి, తేలకుండా పైన ఒక పళ్లెం బోర్లించి బరువు పెట్టాను. తెల్లారేసరికి నీళ్లు ముదురు గోధుమ రంగులోకి మారాయి, చాలా ముక్కలు అడుక్కి దిగాయి. ఆ నీళ్లు పారబోసి, జల్లెడలో వేసి పొడి పోయేదాకా కడిగాను. ఈ పొడి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. కొత్త మిశ్రమంలో ఉన్న పొడి కూడా పాత మిశ్రమంలో కుళ్లి రాలిన పొడి చేసే పనే చేస్తుంది, సందులు పూడుస్తుంది.

ముక్కల సైజు వేరు లావుని బట్టి ఉండాలి. ఫలనాప్సిస్, కాట్లియా లాంటి లావు వేర్ల వాటికి ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలు బాగుంటాయి. ఆన్సిడియం వేర్లు సన్నటి దారాల్లాంటివి కాబట్టి దానికి అర సెంటీమీటరు చాలు. సన్న వేరుని పెద్ద ముక్కల మధ్య వదిలితే రెండు తడుల మధ్య ఎండిపోతుంది. లావు వేరుని సన్న ముక్కల్లో పాతితే గాలి చాలదు. కట్టెబొగ్గు ముక్కలు పదింట ఒక వంతు కలిపాను. బొగ్గు కుళ్లదు కాబట్టి బెరడు క్రుంగినా అది సందుల్ని కొంతకాలం నిలబెడుతుంది. పాఫియోపెడిలం కోసం విడిగా సన్న బెరడు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాయి) కలిపి పెట్టాను. పెర్లైట్ పోసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, ముందే దాన్ని తడిపాను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కొబ్బరి డొక్క ముక్కలు కూడా కొన్ని ఉన్నాయి. బెరడు కంటే ఎక్కువ నీళ్లు పట్టుకుంటాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి. చిక్కేమిటంటే వాటిలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టి, ఇలా కొన్నిసార్లు చేస్తే గానీ వాడకూడదు. ఇవి డెండ్రోబియం కోసం నానబెడుతున్నాను. దాని సమయం వచ్చేలోపు బాగా కడిగినట్టవుతుంది.

పరికరాల దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. ఆర్కిడ్లకి సోకే సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్ రెండూ కత్తెర మీది రసం ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకుతాయి. సోకితే మందు లేదు. స్పిరిట్‌తో తుడిస్తే బాక్టీరియా, బూజుల వరకు పనికొస్తుంది గానీ వైరస్‌కి దాన్ని నమ్ముకోలేం. కత్తెర అంచులు మంట మీద బాగా కాల్చి చల్లారనిస్తున్నాను. చిన్న కోతలకి ఒక్కో మొక్కకి ఒక్కో కొత్త బ్లేడు, వాడాక పారేయడమే. చేతి గ్లవ్స్, బల్ల మీద పరిచిన కాగితం కూడా మొక్క మారినప్పుడల్లా మారతాయి.

మొదటి ఫలనాప్సిస్

ముందు కుండీని అరగంట నీళ్లలో పెట్టాను. ఎండిన వేరు పెళుసుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. తడిసిన వేరు వంగుతుంది. తర్వాత ప్లాస్టిక్ కుండీని చుట్టూ మెల్లగా నొక్కుతూ తిప్పితే మొక్క వేర్ల ముద్దతో సహా బయటికి వచ్చింది. కుండీ గోడకి అతుక్కున్న వేర్లని లాగకుండా, వేలి కొనతో పక్కకి తోస్తూ విడదీశాను. మట్టి కుండీ అయితే ఇంత సులువుగా ఊడవు. అలాంటప్పుడు కుండీ పగలగొట్టి, పెంకు ముక్క వేరుకి అతుక్కున్నది అతుక్కున్నట్టే కొత్త కుండీలో పెట్టేయడం మేలు.

పైన సగం బెరడు బాగానే ఉంది. మధ్యలోకి వెళ్లేసరికి నల్లగా, పట్టుకుంటే వేళ్ల మధ్య నలిగిపోయేలా ఉంది. వేర్లు కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి. గోడ పక్కన ఉన్నవన్నీ బలంగా, మధ్యలోవి పోయి.

వేర్లని చూసే పని దగ్గర తొందర పడకూడదు. ఆర్కిడ్ వేరు బయట కనిపించే మందమైన పొర పేరు వెలమెన్. అందులోని కణాలు పెరుగుదల పూర్తయ్యాక చచ్చిపోయి ఖాళీ గదుల్లా మిగులుతాయి. నీళ్లు తగిలితే ఆ పొర స్పాంజిలా పీల్చుకుంటుంది. ఎండినప్పుడు లోపల గాలి నిండి వెండి రంగులో కనిపిస్తుంది. తడిస్తే పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటికి తెలుస్తుంది. కుండీ పారదర్శకంగా ఉంటే నీళ్లు ఎప్పుడు పోయాలో ఈ రంగే చెప్తుంది. ఫలనాప్సిస్‌కి నేను ఎప్పుడూ పారదర్శకమైన కుండీయే వాడతాను, కారణం ఇదే.

రంగు చూసి వేరు చచ్చిందనుకోవడానికి లేదు. చీకట్లో ఉన్న వేరు తెల్లగానో లేత పసుపుగానో ఉంటుంది, బెరడు మరకతో గోధుమ రంగుకి తిరిగినదీ బతికే ఉండొచ్చు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా నొక్కాలి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. బోలుగా అణిగిపోతే, నీళ్లు కారితే పోయినట్టు. పోయిన వేరుని పట్టుకుని లాగితే పైపొర తొడుగులాగా జారి వచ్చేస్తుంది, లోపల సన్నటి ఈనె మాత్రం మొక్కకి వేలాడుతుంది. ఈరోజు మధ్యలోని ముద్దలో అలాంటివే చాలా వచ్చాయి. వాటిని గట్టి భాగం మొదలయ్యే చోటు వరకు కత్తిరించాను. సగం బాగున్న వేరుని మొత్తం తీసేయాల్సిన పనిలేదు. మిగిలిన మొండి ముక్క నుంచి కొత్త కొమ్మ వేర్లు పుట్టొచ్చు.

కోసిన చోట దాల్చిన చెక్క పొడి చల్లమని చాలామంది సలహా ఇస్తారు. ఆకు మీద గాయానికి, బల్బు కోతకి అది పనికొస్తుంది. వేర్ల మీద మాత్రం చల్లకూడదు. అది తడిని లాగేస్తుంది, బాగున్న వేరు కూడా ఎండిపోతుంది. వేరు కోతలకి గాలి తగిలేలా నీడలో కాసేపు ఆరబెట్టడమే చాలు.

కుండీ సైజు వేర్లని బట్టి ఎంచుకున్నాను, ఆకుల్ని బట్టి కాదు. చచ్చినవి పోయాక ఉన్న వేర్లు పాత కుండీలోనే హాయిగా పడతాయి. అందుకని అదే కుండీని కడిగి వాడాను. పెద్ద కుండీ పెడితే మధ్యలో వేరు లేని మిశ్రమం ఎక్కువై అది ఆరదు, ఆరకపోతే మళ్లీ అదే కుళ్లు. మధ్యలో గాలి ఆడటానికి చిన్న జాలీ కప్పుని అడుగున బోర్లించి, దాని చుట్టూ వేర్లు పరిచాను. అన్నిటికంటే కింది ఆకు మొదలు మిశ్రమం పైభాగానికి సరిగ్గా తగిలేలా పెట్టాను. అంతకంటే లోతుగా పాతితే నీళ్లు ఆకుల మొదట్లో చేరి మొవ్వు కుళ్లుతుంది. ఫలనాప్సిస్‌కి పెరిగే మొన ఒక్కటే కాబట్టి అది పోతే మొక్క దాదాపు పోయినట్టే. మరీ పైకి పెడితే కొత్త వేర్లు బెరడుని చేరేలోపే ఆగిపోతాయి.

గాల్లో పెరిగిన వేర్లని బలవంతంగా కుండీలోకి తోయలేదు. తడిపాక తేలిగ్గా వంగిన ఒకటి లోపలికి వెళ్లింది, మిగతావి బయటే ఉన్నాయి. ఉండనివ్వాలి. గాలికి అలవాటైన వేరు తడి మిశ్రమంలో తరచుగా కుళ్లుతుంది.

బెరడు కొద్దికొద్దిగా పోస్తూ, కుండీని బల్ల మీద తట్టుతూ, సన్న పుల్లతో సందుల్లోకి సర్దాను. చివర్లో మొక్క ఆకు పట్టుకుని పైకి ఎత్తి చూస్తే కుండీ కూడా లేవాలి. లేచింది. ఊగే మొక్కలో కొత్త వేరు మొన బెరడుకి రాసుకుని దెబ్బతింటుంది, దెబ్బతిన్న మొన ఇక సాగదు. అందుకే ఈ పట్టు అంత ముఖ్యం.

మాస్ ముద్ద ఉన్న ఫలనాప్సిస్

అనుమానం నిజమైంది. పైన బెరడు కనిపిస్తోంది గానీ తీసి చూస్తే వేర్ల మధ్యలో పిడికిలంత స్ఫాగ్నం ముద్ద ఉంది. పిల్ల మొక్కగా ఉన్నప్పుడు చిన్న మాస్ ముద్దలో (ప్లగ్గులో) పెంచి, ఆ ప్లగ్గుతోనే పెద్ద కుండీలో దించుతారు. పెద్ద గ్రీన్‌హౌస్‌ల్లో వెలుగు, గాలి, తడి అన్నీ అదుపులో ఉంటాయి కాబట్టి అక్కడ అది ఇబ్బంది పెట్టదు. గదిలోకి వచ్చాక చుట్టూ బెరడు ఆరుతుంది, మధ్యలో మాస్ ఆరదు. పైన చూసి ఎండిందనుకుని మళ్లీ నీళ్లు పోస్తాం.

మామూలుగా పూలున్న మొక్కని కదపను. పూలు అయిపోయేదాకా ఆగడమే పద్ధతి. దీనికి మాత్రం ఆగలేదు, ఎందుకంటే ముద్ద పక్కన వేర్లు మెత్తబడటం మొదలైంది. కుళ్లు కనిపించాక అదను చూసుకోవడం ఉండదు, ఏ కాలమైనా వెంటనే దించాల్సిందే. పూలకాడని కింద రెండు కణుపులు ఉంచకుండా మొదలంటా తీసేశాను. ఉన్న బలం వేర్లకి వెళ్లాలి. పూలు గ్లాసులో పెట్టుకున్నాను, అవి ఇంకా కొన్ని రోజులు ఉంటాయి.

మాస్ తీయడానికి ఓపిక కావాలి. గోరువెచ్చని నీళ్లలో ముంచి, చిమ్టాతో పోగులు పోగులుగా లాగాను. వేరుకి గట్టిగా అంటుకున్న ఒకటి రెండు పోగుల కోసం బాగున్న వేరుని గీరడం అనవసరం, వదిలేశాను. ముద్ద మొత్తం పోయాక కాండం అడుగున నల్లగా ఎండిన మొండి ముక్క కనిపించింది. అక్కడ వేర్లేమీ లేవు కాబట్టి గట్టి కాండం తగిలేదాకా కోసి, ఆ కోతకి మాత్రం దాల్చిన చెక్క పొడి అద్దాను. మిగిలిన వేర్లు తక్కువే గానీ గట్టిగా ఉన్నాయి. అంతకుముందు కంటే చిన్న కుండీలోకి వెళ్లింది. నిలబడటానికి పుల్ల కట్టాను.

పాఫియోపెడిలం

ఇది చెట్ల మీది బాపతు కాదు, చాలా జాతులు అడవి నేల మీద రాలిన ఆకుల్లో పెరుగుతాయి. నీళ్లు దాచుకునే బల్బులు ఉండవు. మిశ్రమం పాతబడితే దీనికి చప్పున నష్టం. అందుకే ఏడాదికోసారి మార్చినా ఏమీ అనుకోదు, పూలు లేని ఏ సమయంలోనైనా మార్చొచ్చు. ఆర్కిడ్లలో ఇంత సౌకర్యం ఇచ్చేవి తక్కువ.

దీని వేర్లు సహజంగానే గోధుమ రంగులో, సన్నటి నూగుతో ఉంటాయి. ఫలనాప్సిస్ వేర్లు చూసిన కంటితో చూస్తే అన్నీ కుళ్లినట్టే అనిపిస్తాయి. వేరు సంఖ్య కూడా తక్కువ, ప్రతిదీ విలువైనదే. నొక్కి చూశాను, అన్నీ గట్టిగా ఉన్నాయి, ఒక్కటీ కోయలేదు. కొత్త వేర్లు చిగురు మొదట్లోంచే వస్తాయి కాబట్టి ఆ మొదలు మిశ్రమంలోకి ఒక సెంటీమీటరు దిగేలా పెట్టాను. బయట తేలి ఉంటే పుట్టబోయే వేరు గాలికి ఆగిపోతుంది.

ఆగడం

డెండ్రోబియంకి చిగురు వచ్చింది. వేరు రాలేదు. చిగురు రాగానే మార్చేయాలన్న తొందర ఉంటుంది గానీ ఇక్కడ ఇంకొంచెం ఆగాలి. చిగురు అడుగున చిన్న చిన్న బొడిపెలు కనిపించి, అవి సాగి వేర్లుగా ఒక సెంటీమీటరు వరకు వచ్చినప్పుడు సరైన సమయం. అప్పటికి అవి ఇంకా పొట్టిగా ఉంటాయి, పని చేసేటప్పుడు విరగవు. నాలుగైదు సెంటీమీటర్లు దాటనిస్తే కుండీలోకి దించేటప్పుడు మొన విరిగే ప్రమాదం ఎక్కువ. అదను అంటే ఇంత సన్నటి కిటికీ. రోజూ పొద్దున టార్చి వేసి మొదలు చూస్తున్నాను.

కాట్లియా ఇంకా కదల్లేదు. దీని విషయంలో మరీ జాగ్రత్త. రెండాకుల కాట్లియాలు ఎప్పుడు పడితే అప్పుడు వేర్లు వేయవు. ఏడాదిలో వాటికి ఒక కాలం ఉంటుంది, ఆ కాలం తప్పించి మారిస్తే కొన్ని జాతులు తిరిగి కోలుకోకుండా పోతాయి. దీని దుంపకాండం (బల్బుల్ని కలుపుతూ అడ్డంగా పాకే కాండం) కుండీ అంచు దాటి బయటికి వేలాడుతోంది, చూసేవాళ్లకి ఇప్పుడే మార్చాలనిపిస్తుంది. వేలాడనీ.

ఈ ఎదురుచూపులో ఒక పని మాత్రం చేశాను. కాట్లియాని రెండుగా విడదీయాలని ఉంది. దుంపకాండాన్ని ముందువైపు నాలుగు బల్బులు, వెనకవైపు మూడు బల్బులు ఉండేలా లెక్క చూసి, కుండీలో ఉండగానే కాల్చిన బ్లేడుతో మధ్యలో కోశాను. మొక్కని కదపలేదు, వేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇలా ముందే కోస్తే వెనక ముక్కలో నిద్రపోతున్న కన్ను (చిగురు వచ్చే మొగ్గ) మేల్కొనే అవకాశం ఉంటుంది. మూడు బల్బుల కంటే చిన్న ముక్కలు చేస్తే బతకొచ్చు గానీ పూయడానికి ఏళ్లు పడుతుంది. మొక్కల సంఖ్య పెంచుకోవడం కోసం బలమైన గుబురుని చిందరవందర చేయడం నాకు ఇష్టం ఉండదు.

డెండ్రోబియం, ఆన్సిడియం

డెండ్రోబియం వేర్లు వచ్చాయి, లేత ఆకుపచ్చ మొనలతో. వెంటనే దించాను. దీనికి ఇరుకు కుండీ ఇష్టం. కాడలు నిలువుగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి చిన్న కుండీ ఒరిగిపోతుంది. అడుగున రెండు మూడు బరువైన రాళ్లు వేశాను. ఆకులు రాలిన పాత కాడలు నాలుగు ఉన్నాయి. ఎండు కట్టెల్లా కనిపిస్తాయి గానీ నొక్కితే గట్టిగా ఉన్నాయి. నీళ్లు, పోషకాలు దాచుకునే నిల్వలు అవే, కొన్ని రకాల్లో వాటి మీద మళ్లీ పూలు కూడా వస్తాయి. కోయలేదు. ఒక కాడ పైకణుపు దగ్గర చిన్న పిల్ల మొక్క వచ్చి వేర్లు నాలుగు సెంటీమీటర్ల దాకా సాగాయి. దాన్ని కాడ నుంచి విడదీసి చిన్న కుండీలో విడిగా పెట్టాను.

ఆన్సిడియం ఆకులు ముడతలు ముడతలుగా మడతపడి ఉన్నాయి. ఆకు పెరిగే వేళ వేరు సరిగ్గా నీళ్లు అందించలేదని దానర్థం. నీళ్లు తక్కువైనా, వేరు కుళ్లినా ఇదే రూపం. కుండీలోంచి తీసి చూస్తే రెండోదే అని తేలింది. మడతపడిన ఆకు ఇక సాపు కాదు, తర్వాత వచ్చే ఆకుని బట్టే మిశ్రమం నచ్చిందో లేదో తెలుస్తుంది. కొత్త చిగురు సగం ఎదిగి, అడుగున వేర్లు మొదలయ్యాయి. ఆన్సిడియంకి అదే అదను. పాత బల్బుల్ని కుండీ గోడకి ఆనించి, చిగురు ముందు ఖాళీ ఎక్కువ వచ్చేలా పెట్టాను. ఒకవైపుకే నడిచే మొక్కని మధ్యలో నాటితే వెనక స్థలం వృథా, ముందు స్థలం ఏడాదికే అయిపోతుంది.

వాండా సంగతి

ముట్టుకోలేదు. వేర్లు బుట్ట పలకల చుట్టూ అల్లుకుని గాల్లోకి వేలాడుతున్నాయి, కొనలు పచ్చగా సాగుతున్నాయి. మధ్యలో మిశ్రమమే లేదు కాబట్టి కుళ్లేదీ లేదు. వాండా వేర్లని కదిపితే కింది ఆకులు రాల్చేసి అలుగుతుంది. బుట్ట చెక్క మెత్తబడినప్పుడు వేర్లని తడిపి, పాత బుట్టతో సహా పెద్ద బుట్టలో కూర్చోబెట్టడమే దానికి చేసే మార్పు. ఇప్పుడు చెక్క గట్టిగా ఉంది.

కాట్లియా

చివరికి కొత్త బల్బు అడుగున వేర్లు వరుసగా పొడుచుకొచ్చాయి. ఇన్నాళ్లూ ఆగిన టెన్షన్ అంతా ఆ చిన్న పచ్చటి మొనలు చూడగానే తీరింది. కుండీ విడదీసేసరికి ముందే కోసిన చోట రెండు ముక్కలూ సులువుగా విడిపోయాయి. వెనక ముక్క మొదట్లో ఒక కన్ను ఉబ్బి ఆకుపచ్చగా ఉంది.

కాట్లియాలో ముఖ్యం లోతు. దుంపకాండం మిశ్రమం మీద పడుకుని ఉండాలి, పాతుకుపోకూడదు. పాతితే కన్నులు కుళ్లుతాయి. పాత కొన గోడకి ఆనించి, ముందు రెండేళ్ల పెరుగుదలకి సరిపడా ఖాళీ వదిలాను. పెద్ద ముక్కల బెరడు, బొగ్గు కలిపి మట్టి కుండీలో పెట్టాను, ఇది ఆరాల్సిన మొక్క. పైన అడ్డంగా తీగ క్లిప్పు పెట్టి దుంపకాండాన్ని బిగించాను. అది కదలకుండా ఉంటేనే కొత్త వేర్లు ముక్కల్ని పట్టుకుంటాయి.

మార్పు తర్వాత

కోతలు ఎక్కువ పడిన వాటికి మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపాను. గాయాలు ఆరాలి. కోతలు లేని పాఫియోపెడిలంకి అదే రోజు పోశాను. నీళ్లు ఆపిన రోజుల్లో కూడా గాలిలో తేమ ఉండేలా చూశాను, పొద్దున పూట ఆకుల మీద సన్నటి తుంపర కొట్టి, సాయంత్రానికి ఆరిపోయేలా. మొవ్వులో నీళ్లు నిలిస్తే కాగితం కొనతో పీల్చేశాను. వెలుగు మామూలు కంటే తగ్గించాను. వేరు తగ్గిన మొక్క ఎండని తట్టుకోలేదు. ఎరువు మూడు నాలుగు వారాల దాకా లేదు, కొత్త వేర్లు సాగుతున్నాయని చూశాకే, అది కూడా పావు వంతు మోతాదుతో మొదలు. కొత్త బెరడు మొదట్లో తొందరగా ఆరుతుంది. పాత అలవాటు ప్రకారం కాకుండా కుండీ చేత్తో ఎత్తి బరువు చూసి పోస్తున్నాను.

మాస్ ముద్ద తీసిన ఫలనాప్సిస్ కింది ఆకులు కొన్నాళ్లు మెత్తగా వేలాడాయి. అలాంటప్పుడు చేయి ఊరుకోదు, ఎక్కువ నీళ్లు పోయాలనిపిస్తుంది. ఆకు వడలింది వేరు లేక, నీళ్లు లేక కాదు. అందుకని మొక్క మొత్తాన్ని వదులుగా ప్లాస్టిక్ సంచితో కప్పి, రోజూ కాసేపు తెరిచి గాలి ఆడించాను. వేరు వచ్చేదాకా ఆకు నుంచి తడి ఆవిరై పోకుండా ఆపడమే చేయగలిగింది. ఇప్పుడు కాండం పక్కన పచ్చటి మొన ఒకటి బయల్దేరి బెరడు వైపు వంగింది. సంచి తీసేశాను. పాత ఆకు ఒకటి పసుపు రంగుకి తిరుగుతోంది, పోతే పోనీ.

మొదటి ఫలనాప్సిస్ కుండీ గోడ వెంబడి వెండి రంగులో రెండు కొత్త వేర్లు దిగుతున్నాయి, వాటి కొనలు ఎర్రటి ఛాయతో మెరుస్తున్నాయి. ఆన్సిడియం కొత్త ఆకు ఇప్పటిదాకా సాపుగానే వస్తోంది. డెండ్రోబియం పిల్ల మొక్క ఇంకా కదల్లేదు. కాట్లియా వెనక ముక్క కన్ను చిగురుగా మారింది గానీ దాని వేర్లు రావాలి, అవి వచ్చేదాకా తుంపరతోనే నడుస్తుంది.

ప్రతి కుండీకి ఒక చీటీ గుచ్చాను: ఏ నెలలో మార్చాను, ఏ మిశ్రమం, అప్పటికి వేర్ల స్థితి ఏమిటి, కొత్త వేరు ఎటువైపు నుంచి వచ్చింది. పెన్సిల్‌తో రాశాను, ఇంకు ఎండకి, నీళ్లకి చెరిగిపోతుంది. కాట్లియా చీటీ మీద మాత్రం చిగురు కనబడిన నెల, వేరు కనబడిన నెల విడివిడిగా రాశాను. ఈ రెంటి మధ్య ఎడం ఒక్కో మొక్కకి ఒక్కోలా ఉంటుంది. మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు ముందుగా చూసేది అదే.